వెళ్లినవాళ్ల పేర్లు వెనక పేజీలో వేయండి

కొలరాడో యూనివర్సిటీ, బోల్డర్ – అథ్లెటిక్ విభాగం పెద్దలకు,

నమస్కారం. మీ ఫుట్‌బాల్ టీమ్ వదిలి వెళ్లిపోయిన కుర్రాళ్ల గురించి ఒకటి అడగాలని ఇది రాస్తున్నాను. ఉత్తరం తెలుగులో రాస్తున్నానని ఏమీ అనుకోకండి. కడుపులో మాట ఇంగ్లీషులో రాస్తే నాది ఆఫీసు మెయిల్ లాగా తయారవుతుంది. అదీకాక డెన్వర్ చుట్టుపక్కల మీ టికెట్లు కొనే తెలుగువాళ్లు తక్కువేం లేరు, వాళ్లు కూడా చదవాలని నా ఆశ. మీకు కావాలంటే అనువాదం చేయించుకోవడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు.

నేను మీ దగ్గర ఎమ్మెస్ చేసినవాణ్ని. 2010లో వచ్చాను. అప్పటికి నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఈ కోడిగుడ్డు బంతి ఆట అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. అర్థమయ్యేసరికి 2012 సీజన్ వచ్చింది. పన్నెండు మ్యాచుల్లో ఒక్కటి గెలిచాం, అదీ వాషింగ్టన్ స్టేట్ వాళ్ల ఊళ్లో 35-34తో. సరిగ్గా పదేళ్లకి 2022లో మళ్లీ అదే లెక్క, 1-11. అంటే నేను గెలుపు గుర్రం చూసి ఎక్కినవాణ్ని కాదు. అలాగని గొప్పలూ పోను. 2022లో ఒక స్నేహితుడు ఊరికే టికెట్ ఇస్తానన్నా బట్టలు ఉతుక్కోవాలని చెప్పి తప్పించుకున్నాను.

ఏటా ఆగస్టులో మీరు రోస్టర్, అంటే ఆటగాళ్ల జాబితా, విడుదల చేయగానే ప్రింట్ తీసి మా ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను. మా అబ్బాయికి అదో ఆట. పాత కాగితం పక్కన పెట్టుకుని, పోయినేడూ ఉన్నవాళ్ల పేర్ల ముందు పెన్సిల్‌తో టిక్కు పెడతాడు. 2023 ఆగస్టులో వాడికి ఎనిమిదేళ్లు. కాసేపు వెతికి, "నాన్నా, తప్పు కాగితం తెచ్చావు, ఇది వేరే టీమ్‌ది" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ ఏడు కొత్తగా చేరినవాళ్లు 80 మందికి పైనే. స్కాలర్‌షిప్ మీద ఉన్న పాతవాళ్లలో మిగిలింది పది మందే.

ఆ సంగతి తెలియని మావాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. 2022 డిసెంబర్లో డియాన్ శాండర్స్ గారు కోచ్‌గా వచ్చారు. మొదటి సమావేశంలోనే పాత కుర్రాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి, నా సామాను నేను తెచ్చుకుంటున్నాను, అది లూయీ విటాన్ లాంటి ఖరీదైన సామాను, మీరు పోర్టల్‌లోకి దూకితే అంత చోటు ఖాళీ అవుతుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. కెమెరా ముందే. ఆ వీడియో దేశమంతా చూసింది. చాలామంది తిట్టారు. నేను మాత్రం ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకుంటాను. మిగతా కోచ్‌లు తలుపు మూసి చెవిలో చెప్పే మాట ఆయన తలుపు తీసి చెప్పాడు.

పోర్టల్ అంటే గది కాదు, గుమ్మం కాదు, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లతో 2018 అక్టోబర్లో మొదలైన ఒక జాబితా. కుర్రాడు "నేను వెళ్లిపోతాను" అని అడిగితే రెండు పనిదినాల్లో కాలేజీ అతని పేరు అందులో ఎక్కించాలి. ఎక్కిన క్షణం నుంచి మిగతా కాలేజీల కోచ్‌లు ఫోన్లు చేసుకోవచ్చు. అదే క్షణం నుంచి ఉన్న కాలేజీ కూడా ఆ సెమిస్టర్ దాటాక అతని స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. మారినవాడు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలన్న నిబంధనని 2021లో సడలించారు. ఏడాదికి 25 మందికి మించి కొత్తవాళ్లకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్న గీతని 2022లో చెరిపేశారు. ఈ రెండూ కలిస్తేనే ఒక్క వేసవిలో టీమ్ మొత్తం మార్చడం కుదిరింది. శాండర్స్ గారు గోడ బద్దలు కొట్టలేదు. మీరంతా కలిసి అప్పటికే పడగొట్టిన గోడ మీదుగా అందరికంటే ముందు నడిచాడంతే.

2023 ఏప్రిల్ 22న స్ప్రింగ్ గేమ్‌కి నేనూ వచ్చాను. లోపల లోపల మనలో మనం ఆడుకునే ప్రాక్టీసు మ్యాచ్. దానికి 47,277 మంది! చలికి చేతులు జేబుల్లోంచి తీయలేకపోయాం గానీ, ఒక రిసీవర్ బంతి అందుకుని 98 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేస్తే జేబుల్లోంచి తీసి చప్పట్లు కొట్టాం. ముందు ఏడు ఆ దిక్కుమాలిన టీమ్‌లో ఎక్కువ బంతులు పట్టినవాడు, పాతకాపు. వీడైతే మిగులుతాడులే అనుకున్నాను. కొద్దిరోజులకే అతని పేరూ పోర్టల్‌లో కనిపించింది. తర్వాత అరిజోనాకి ఆడాడు. ఆ వారంలో అతనితోపాటు వెళ్లినవాళ్లు ఎందరో.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది మీకు ఎక్కదు.

2009లో హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ని. ప్రాజెక్టు అయిపోయి మూడు నెలలు బెంచ్ మీద ఉన్నాను. మా భాషలో బెంచ్ అంటే మీ బెంచే, ఆడటానికి పిలవరు, ఇంటికి పొమ్మనరు. ఒకరోజు హెచ్చార్ అమ్మాయి చిన్న గదిలోకి పిలిచి, మంచినీళ్లు ఇచ్చి, చాలా మర్యాదగా చెప్పింది. మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ సాఫీగా వచ్చేస్తాయండీ, లేదంటే మీ ఫైల్లో టెర్మినేషన్ అని పడుతుంది, తర్వాత మీకే ఇబ్బంది. అక్కడే కూర్చుని మెయిల్ రాశాను. కారణం అన్న చోట "వ్యక్తిగత కారణాల వల్ల" అని పెట్టాను. ఆ కంపెనీ లెక్కల్లో నేను ఈరోజుకీ నా అంతట నేను మానేసినవాణ్నే. మాదాపూర్లో ఆ సంవత్సరం వ్యక్తిగత కారణాలు లేని మనిషి లేడు.

పోర్టల్‌లో పేరు ఎక్కింది అన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ గది, ఆ మంచినీళ్ల గ్లాసు గుర్తొస్తాయి. ఆట బాగాలేదని స్కాలర్‌షిప్ తీసేయడం పెద్ద కాన్ఫరెన్సుల్లో, అంటే పెద్ద కాలేజీల కూటముల్లో, 2015 నుంచి కుదరదు. కొత్త కోచ్ వచ్చిన మొదటి ఏడాది టీమ్‌లోంచి తప్పించినా, చదువు ఖర్చు ఇస్తూనే ఉండాలి. కాగితం మీద నియమాలు బంగారం లాంటివి. కానీ కుర్రాడు తనంతట తానే పేరు ఎక్కించుకుంటే? అప్పుడు ఎవరూ ఎవరినీ తీసేసినట్టు కాదు. వయసు 19. అమ్మానాన్నలు రెండు రాష్ట్రాల అవతల. నీకు ఇక్కడ ఆడే అవకాశం కనబడటం లేదు బాబూ అని కోచ్ మెత్తగా చెప్తే ఆ ఫారం మీద సంతకం పెట్టకుండా ఉండగల మొండివాడు ఎంతమందిలో ఉంటాడు?

కొత్తవాళ్లని తేవద్దని నేను అనడం లేదు. నేనే మీ కొత్తవాళ్లకి ఊగిపోయినవాణ్ని. సెప్టెంబర్ 2న ఫోర్ట్ వర్త్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 45-42. కోచ్ గారి అబ్బాయి షెడూర్ శాండర్స్ మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు; 510 గజాలు విసిరాడు. ట్రావిస్ హంటర్ దాడిలోనూ ఆడాడు, అడ్డుకోవడంలోనూ ఆడాడు. వారం తిరిగేసరికి నెబ్రాస్కాని 36-14తో కొట్టాం. కోచ్ గారిలా నల్ల కళ్లజోడు కూడా కొన్నాను. మా ఆవిడ దాన్ని దొంగపోలీసు కళ్లజోడు అంటుంది.

అక్టోబర్ 13 రాత్రి స్టాన్‌ఫర్డ్ మ్యాచ్‌కి మా అమ్మని తీసుకొచ్చాను. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలు అయింది. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, పైన దుప్పటి. మేము కూర్చునేది తూర్పు వైపు పై వరసల్లో. మ్యాచ్ మొదలయ్యే ముందు మన టీమ్ గుర్తు రాల్ఫీ పరుగు చూసి దుప్పటి పక్కకి తోసి లేచి నిలబడింది. నిజం అడవిదున్న, వెనక తాళ్లు పట్టుకుని కుర్రాళ్లు, మైదానం అంతా గుర్రపునాడా ఆకారంలో చుట్టి వచ్చేసింది. "ఆడదేనా?" అంది అమ్మ. అవునమ్మా, 1967 నుంచి వచ్చినవన్నీ ఆడవే అన్నాను. "అందుకే అంత నేరుగా పరిగెత్తింది" అంది.

సగం ఆట అయ్యేసరికి మనం 29, వాళ్లు 0. "ఇంక గెలిచినట్టేగా, పోదాం పదరా, ముక్కు గడ్డ కట్టింది" అంది. ఇంకాసేపు ఉందామమ్మా అన్నాను. అర్ధరాత్రి దాటాక రెండో ఓవర్‌టైమ్‌లో 46-43తో ఓడిపోయాం. కారు దాకా ఎవ్వరం మాట్లాడలేదు. సీటు బెల్టు పెట్టుకుంటూ అమ్మ, "అప్పుడే పోయుంటే మన లెక్కలో గెలిచినట్టే ఉండేది" అంది.

ఆ సీజన్ 4-8తో ముగిసింది. మూడు గెలిచి ఎగిరిన టీమ్ ఎందుకు కూలిందంటే నేను ఒక్క అంకె చూపిస్తాను. మన క్వార్టర్‌బ్యాక్ ఆ ఏడు 52 సార్లు నేలకూలాడు. అతని ముందు నిలబడి కాపాడాల్సింది ఐదుగురు. ఆ ఐదుగురి పని పల్లకీ బోయీల పని లాంటిది. ఒక్కొక్కడు ఎంత బలవంతుడన్నది తర్వాత, ముందు అడుగు కలవాలి. పక్కవాడు ఎటు తిరుగుతాడో చూడకుండా తెలియాలి. అది జిమ్‌లో రాదు, డబ్బుతో రాదు, రెండు మూడు సీజన్లు భుజం భుజం రాసుకుంటేనే వస్తుంది. మా నాన్న కౌలుకి ఇచ్చే పొలం గురించి ఒక మాట అనేవాడు, ఏడాది కౌలుదారు పశువుల ఎరువు తోలడని. వాడి తప్పేముంది? వచ్చే ఏడు ఆ చెక్క ఎవరిదో వాడికి తెలియదు. మీ కుర్రాళ్లని ఏడాది కౌలుకి తెచ్చి, నేల సత్తువ లేదని మళ్లీ వాళ్లనే అంటే ఎలా?

2024లో 9-4. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ హంటర్‌కి వచ్చింది. 1994లో రషాన్ సలామ్ తర్వాత మనకి మళ్లీ ఇదే. హంటర్, షెడూర్ ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లకముందే వాళ్ల జెర్సీ నంబర్లు ఇంకెవరికీ ఇవ్వకుండా భద్రం చేశారు. హంటర్ సంగతి సరే. రెండే సీజన్లు ఆడిన క్వార్టర్‌బ్యాక్ నంబర్ అప్పుడే అటక మీద పెట్టడం తొందరపాటని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత 2025. లిబర్టీ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్, హైస్కూల్ దాటొచ్చిన కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఆ ఐదుగురూ మళ్లీ మారారు. యూటా చేతిలో 53-7, మరుసటి వారం మన ఇంట్లోనే అరిజోనా చేతిలో 52-17. మొత్తం 3-9. జనవరిలో పోర్టల్ తెరిచిన రెండు వారాల్లో మళ్లీ పాత నీరు పోయి కొత్త నీరు వచ్చింది. ఇప్పుడు కొత్త సీజన్‌కి కొత్త టీమ్ తయారు అంటున్నారు. నాలుగేళ్లలో ఎన్నో కొత్త టీమో మా అబ్బాయి లెక్క మానేశాడు.

ఇలా మార్చినవాళ్లంతా ఓడలేదు, నాకు తెలుసు. మీరు ఇండియానా పేరు ఎత్తేలోపే నేనే ఎత్తుతాను. ఆ కాలేజీది ఓటముల్లో దేశంలోనే ముందువరస చరిత్ర. 2023లో 3-9. కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చి వాళ్ల టీమ్ కూడా తిరగరాశాడు. 2024లో 11-2, మరుసటి సీజన్లో పదహారుకి పదహారు గెలిచి జాతీయ ఛాంపియన్. అతనూ పోర్టల్ నుంచే తెచ్చాడు. కాకపోతే మొదటి ఏడు వచ్చినవాళ్లలో 13 మంది అతని పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ వాళ్లు. అంటే అడుగు కలిసిన బోయీలని పల్లకీతో సహా తెచ్చుకున్నాడు. మనం విడివిడిగా మెరిసేవాళ్లని ఏరి తెచ్చి, కలిసి మొయ్యమన్నాం. ఈ ఒక్క తేడాతోనే అంతా తేలిపోతుందని అనను. కోచింగ్ ఉంది, డబ్బు ఉంది, అదృష్టమూ ఉంది. కానీ మన 52కి నాకు ఇంతకంటే మంచి జవాబు దొరకలేదు.

గెలుపోటముల సంగతి మీకు నేను చెప్పేదేముంది. నేను అడగదలచింది వేరే. వచ్చినవాళ్ల గురించి మీరు బోలెడు చెప్తారు. ఎత్తు, బరువు, ఏ ఊరు, ఏ హైస్కూల్, ముందు ఏ కాలేజీలో ఎన్ని గజాలు. వెళ్లినవాళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ 2022 టీమ్‌లోంచి వెళ్లినవాళ్లలో ఎంతమంది ఇంకో చోట ఆడారు? ఎంతమందికి చోటే దొరకలేదు? ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు?

డిగ్రీ మాట ఊరికే తేలేదు. ఆడటానికి అర్హత ఉండాలంటే రెండో ఏడు అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏటికి 60, నాలుగో ఏటికి 80 శాతం పూర్తవ్వాలి. కాలేజీ మారితే ఇక్కడ చదివిన కోర్సులు అక్కడ అన్నీ చెల్లవు. మా ఇంజినీరింగ్ కాలేజీల్లో క్రెడిట్లు చాలక డిటెయిన్ అయినవాణ్ని అడిగితే ఆ బాధ తెలుస్తుంది. తోటివాళ్లు పై క్లాసులో కూర్చుంటే వీడు పాత పుస్తకాలు మళ్లీ కొనుక్కుంటాడు. మీరు గొప్పగా చూపించే గ్రాడ్యుయేషన్ శాతంలో కూడా ఈ పిల్లలు లేరు. చదువులో బాగానే ఉండి మధ్యలో వెళ్లిపోయినవాణ్ని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ లెక్కలోంచే తీసేస్తుంది. పాస్ కాదు, ఫెయిల్ కాదు, అసలు లేనే లేడు.

ఇప్పుడు డబ్బులూ మారాయి. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం ఒక్కో కాలేజీ ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది 2025-26కి ఆ పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఫుట్‌బాల్ టీమ్‌కి 105 మంది పరిమితి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా, ఆట మీద ప్రేమతో పొద్దున్నే ఐదింటికి లేచి వచ్చే వాక్-ఆన్ కుర్రాళ్ల మీద పడింది మొదటి దెబ్బ. జడ్జిగారే ఆగి, అలా చోటు పోయినవాళ్లని ఈ లెక్కలో కలపకుండా ఉంచుకోవచ్చని మార్పు చేయించాల్సి వచ్చింది. ఉంచుకోవచ్చు అంది గానీ, ఉంచుకోవాలి అనలేదు. ఆ "వచ్చు"లో మీరు ఎంతమందిని ఉంచుకున్నారో చెప్పండి. కోచ్ గారికి ఐదేళ్లకి 5 కోట్ల 40 లక్షల డాలర్లు ఇస్తున్నారు. దాని మీద నాకు పేచీ లేదు. ఆయన నిండుగా నింపిన స్టేడియం నేను చూశాను. దానిలో చిల్లర ఖర్చుతో ఒక పని అవుతుంది, అది చేయమంటున్నాను.

పాత ఆటగాళ్లు పదేళ్లలోపు తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేసుకునేందుకు సాయం చేయాలన్న నియమం కాలేజీ ఆటల పై స్థాయి అయిన డివిజన్ 1లో 2024 ఆగస్టు నుంచి ఉంది. దాన్ని లాయరు కళ్లతో చదవకండి. పోర్టల్ గుండా వెళ్లినవాడికి వర్తిస్తుందా, సంతకం ఎవరు పెట్టారు అని వెతక్కండి. మీ తలుపు దాటి వెళ్లిన ప్రతి కుర్రాడికీ ఒక మనిషి ఫోన్ చేసి, నీ కోర్సులు ఇన్ని మిగిలాయి, వస్తే ఫీజు మాది అని చెప్పాలి. చోటు లేదని మీరే చెప్పినవాడికి, చోటు లేదని మేమే చెప్పాం అని కాగితం మీద రాసివ్వాలి. వాడు తర్వాతి కోచ్‌కి అది చూపించుకుంటాడు. వ్యక్తిగత కారణాలు అని రాసుకున్నవాడి బాధ నాకు తెలుసు, ఇంటర్వ్యూలో ప్రతివాడూ ఆ కారణాలేంటని అడుగుతాడు.

చదువు వివరాలు బయటపెట్టడానికి గోప్యత చట్టం అడ్డం వస్తుందంటారు. నిజమే. వాళ్లు ఒప్పుకుంటేనే వేయండి. ఒప్పుకోనివాళ్లది ఉత్త అంకె వేయండి, చాలు.

పోయినేడు అమ్మ మళ్లీ వచ్చింది. టీవీలో మ్యాచ్ పెడితే, మొదట అడిగింది రాల్ఫీ గురించి. ఇది అది కాదేంట్రా, చిన్నగా ఉంది అంది. కొత్తదమ్మా, ఏడో రాల్ఫీ, పాతదానికి పరిగెత్తడం మీద మనసు లేదని రిటైర్ చేశారు అన్నాను. అబద్ధం కాదు, ఇష్టం లేదన్న కారణం మీరే చెప్పారు. ఇప్పుడు పచ్చికలో హాయిగా మేస్తోందని కూడా చెప్పాను. "నయం, కబేళాకి తోలలేదు" అంది. కాసేపు చూసి, అప్పుడు చలిలో ఆడిన పిల్లలు ఒక్కడూ కనపడటం లేదేమని అడిగింది. ఇద్దరు పెద్ద టీమ్‌లకి వెళ్లారని చెప్పాను. "మిగతావాళ్లో?" అంది. ఛానల్ మార్చాను.

సీజన్ టికెట్ల డబ్బు కట్టేశాను, ఆ విషయంలో బెదిరింపులేమీ లేవు. ఈ ఆగస్టులోనూ రోస్టర్ ప్రింట్ తీస్తాను. ఎప్పుడూ ఒకవైపే వస్తుంది, వెనక వైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ వేయండి.

ఇట్లు,
తూర్పు వైపు పై వరసల్లో, నల్ల కళ్లజోడుతో కూర్చునే గుంటూరువాడు